ఆకులు 4 రావాల్సిన చోట 9 వస్తున్నాయా? చెట్ల ఎక్సర్‌సైజుల్లో తప్పు పట్టుకోవడం

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ (ఉన్న డేటాని మార్చకుండా, ఫంక్షన్లతోనే ప్రోగ్రాం రాసే పద్ధతి) నేర్చుకునే మా విజయనగరం కుర్రాళ్ళకి చెట్ల దగ్గర, అంటే కొమ్మలుగా చీలే డేటా దగ్గర, ఒకటే అలవాటు. జవాబు తప్పొస్తే చాలు, వచ్చిన అంకె వైపు కూడా చూడకుండా కోడ్ అంతా చెరిపేసి మళ్ళీ మొదలెడతారు. "సార్, ఏటో తేడా వస్తంది" అంటారు గానీ ఎంత వస్తోందో చెప్పరు. అసలు కావాల్సింది అదే. చిన్న చెట్టు ఒకటి కాగితం మీద గీసుకుని దాని మీద ఫంక్షన్ నడిపితే, తప్పు అంకెని బట్టే ఏ లైన్‌లో పొరపాటుందో చాలాసార్లు తెలిసిపోతుంది.

చెట్టుగా మన రైల్వే లైన్లే తీసుకుందాం. వేరు, అంటే చెట్టు మొదలయ్యే చోటు, విజయనగరం. దానికి ఎడమ శ్రీకాకుళం రోడ్, ఆ కింద ఎడమకి నౌపడ, నౌపడ నుంచి ఎడమకి పలాస, కుడికి గుణుపూర్. విజయనగరానికి కుడి బొబ్బిలి, అక్కడి నుంచి ఎడమకి సాలూరు, కుడికి పార్వతీపురం. మధ్య స్టేషన్లు వదిలేశాను, చీపురుపల్లి, పొందూరు వాళ్ళు ఏమీ అనుకోవద్దు. పలాస, పార్వతీపురం దాటి కూడా లైన్లు పోతాయి కానీ మన చెట్టు అక్కడితో ఆగుతుంది. మొత్తం నోడ్లు (అంటే స్టేషన్లు) 8, ఆకులు (కింద ఇంకేమీ లేని నోడ్లు) 4, శ్రీకాకుళం రోడ్‌కి కుడి వైపు ఖాళీ. ఆ ఒక్క ఖాళీ చాలా పని చేసిపెడుతుంది, చూడండి.

సరైన ఫంక్షన్ ఇది, హాస్కెల్ అనే ఫంక్షనల్ భాష పద్ధతిలో, పేర్లు మాత్రం తెలుగులో (_ అంటే అక్కడ ఏ ఊరున్నా సరే):

ఆకులు ఖాళీ = 0
ఆకులు (నోడ్ ఖాళీ _ ఖాళీ) = 1
ఆకులు (నోడ్ ఎడమ _ కుడి) = ఆకులు ఎడమ + ఆకులు కుడి

సమస్య: ఆకుల లెక్క తప్పుతోంది

5 వచ్చిందా? ఖాళీకి 0 బదులు 1 ఇచ్చారు. ఆకుల లైన్ సరిగ్గానే ఉంది కాబట్టి ఆకుల దగ్గర తేడా రాలేదు, శ్రీకాకుళం రోడ్ కుడి పక్కన ఉన్న ఖాళీ మాత్రం ఒకటి కలిపేసింది.

9 వచ్చిందంటే ఖాళీకి 1 ఇవ్వడమే కాదు, ఆకుల లైన్ కూడా లేదు, లేదా ఉన్నా దాని వరకూ పని వెళ్ళడం లేదు. ఏ బైనరీ చెట్టులోనైనా (ఒక్కో నోడ్ కింద ఎడమ, కుడి అని రెండే చోట్లుండే చెట్టు) ఖాళీలు నోడ్ల కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ ఉంటాయి; ఇక్కడ ఒక్కో ఆకు కింద రెండేసి, శ్రీకాకుళం రోడ్ పక్కన ఒకటి, మొత్తం 9. మీరు లెక్కపెట్టింది ఆకుల్ని కాదు, ఖాళీల్ని.

0 వస్తే రెండో లైన్, మూడో లైన్ తారుమారయ్యాయి. ప్యాటర్న్‌లు, అంటే ఈక్వల్ గుర్తుకి ఎడమ పక్క రాసిన ఆకారాలు, పైనుంచి కిందకి చూస్తారు, మామూలు నోడ్ లైన్ ముందుంటే పలాస కూడా అందులోనే పడిపోతుంది, 0 ప్లస్ 0 అవుతుంది. లైన్లు మార్చండి, అంతే. ఇలాంటప్పుడు హాస్కెల్ కంపైలర్ ఆ ప్యాటర్న్ అనవసరం అని, ఓకామల్ అనే ఇంకో ఫంక్షనల్ భాషలో అయితే వార్నింగ్ 11 అని చెప్తూనే ఉంటుంది. పసుపు రంగులో వచ్చిందని వదిలేస్తాం కదా, అక్కడే చిక్కు.

8 వస్తే మాత్రం తొందరపడొద్దు, దానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, మూడో లైన్‌లో ప్లస్ 1 పెట్టి ఆకుల బదులు నోడ్లు లెక్కపెట్టడం. రెండోది, కాపీ పేస్ట్ చేసి కుడి అని మార్చడం మర్చిపోవడం, అంటే ఆకులు ఎడమ + ఆకులు ఎడమ. పలాస 1, నౌపడ 2, శ్రీకాకుళం రోడ్ 4, విజయనగరం 8. రెండూ ఒకే అంకె ఇస్తాయి.

ఏది అన్నది తేల్చాలంటే చెట్టుని అద్దంలో చూసినట్టు ఎడమ కుడులు తిప్పేసి మళ్ళీ నడపండి. నోడ్లు లెక్కపెట్టే కోడ్ అయితే మళ్ళీ 8 ఇస్తుంది. కాపీ పేస్ట్ కోడ్ అయితే ఇప్పుడు బొబ్బిలి వైపే రెండుసార్లు చూస్తుంది, 2 ప్లస్ 2, జవాబు 4. చూశారా, తప్పు కోడ్‌కి సరైన జవాబు! మొదట్లోనే చెట్టు అలా గీసుకుని ఉంటే టెస్ట్ పాసైపోయేది, మనం హాయిగా టీకి వెళ్ళిపోయేవాళ్ళం. అందుకే ఒక చెట్టుతో సరిపెట్టకండి, చెట్టుకీ దాని అద్దానికీ ఆకులు ఒకటే రావాలి అని రాసి యాదృచ్ఛిక చెట్ల మీద నడపండి. 2000లో హాస్కెల్ కోసం వచ్చిన క్విక్‌చెక్ అనే టెస్టింగ్ లైబ్రరీ చేసేది ఈ పనే, పైథాన్‌లో అయితే హైపోథెసిస్ ఉంది.

సమస్య: లేని ఊరు కూడా ఉందంటోంది

చెట్టులో సాలూరు ఉందా అంటే నిజం అంటుంది, బాగానే ఉంది. రాజాం ఉందా అన్నా నిజమే అంటుంది. ఓకామల్‌లో ఇది తెగ జరుగుతుంది. కారణం, ఫంక్షన్‌కి వచ్చిన పేరు "ఊరు", ప్యాటర్న్‌లో కూడా నోడ్ (ఎడమ, ఊరు, కుడి) అని రాశారు. మీ ఉద్దేశం పోల్చమని, కంపైలర్‌కి అర్థమైంది మాత్రం అక్కడ ఏముంటే దానికి ఊరు అని పేరు పెట్టమని. వేరు దగ్గరే విజయనగరానికి ఆ పేరు తగులుకుంది, నిజం అని తిరిగొచ్చేసింది. ప్యాటర్న్‌లో వేరే పేరు పెట్టి, పోలికని వెన్ గార్డ్‌లో (ప్యాటర్న్ తర్వాత when అని పెట్టే షరతు) రాయండి. ప్రోలాగ్ భాష నుంచి వచ్చినవాళ్ళు ఈ గోతిలో ఎక్కువ పడతారు, ఎందుకంటే అక్కడ ఒకే పేరు రెండుసార్లు వాడితే రెండూ ఒకటే కావాలని అర్థం. పైథాన్ 3.10 నుంచి వచ్చిన మ్యాచ్‌లోనూ (విలువని ప్యాటర్న్‌లతో సరిచూసే వాక్యం) ఉత్త పేరు రాస్తే పోల్చదు, అక్కడున్న దానికి ఆ పేరు పెట్టేస్తుంది.

సమస్య: స్టేషన్ కలిపాను, చెట్టులో లేదు

పార్వతీపురం కింద రాయగడ కలిపారు, ప్రింట్ చేస్తే పాత చెట్టే. ఫంక్షనల్ పద్ధతిలో పాత చెట్టు మారదు, కలపడం అంటే కొత్త చెట్టు తిరిగి రావడం. ఆ తిరిగొచ్చిన దానికి పేరు పెట్టుకుని దాన్నే ముందుకి పంపండి. మొత్తం చెట్టు కాపీ అవుతుందేమో అని టెన్షన్ వద్దు, రాయగడ కాకుండా విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం నోడ్లు మాత్రమే కొత్తవి, శ్రీకాకుళం వైపంతా, సాలూరుతో సహా, పాతదే పంచుకుంటారు.

సమస్య: మ్యాచ్ లోపల మ్యాచ్ పెట్టగానే టైప్ ఎర్రర్

ఓకామల్‌లో లోపలి మ్యాచ్ కింద ఉన్న లైన్లన్నీ తనవే అనుకుంటుంది, మీరు ఎంత అందంగా ఇండెంట్ చేసినా సరే. బ్రాకెట్లు పెట్టండి. రెండు చెట్లని పోల్చే పనైతే అసలు లోపలి మ్యాచ్ మానేసి జంటగా ఒకేసారి మ్యాచ్ చేయడమే నయం: రెండూ ఖాళీ, రెండూ నోడ్, మిగతావి.

సమస్య: పెద్ద చెట్టుని లిస్ట్ చేస్తే కదలడం లేదు

ఎడమ లిస్ట్, విలువ, కుడి లిస్ట్ అతికించుకుంటూ పోతే, ఎడమకే పొడుగ్గా సాగిన చెట్టులో ప్రతి మెట్టులో ఎడమ లిస్ట్ మొత్తం కాపీ అవుతుంది. లక్ష నోడ్లుంటే దాదాపు 500 కోట్ల కాపీలు. అతికించడం మానేసి, కుడి నుంచి మొదలుపెట్టి, పోగు చేసే లిస్ట్‌ని అక్యుములేటర్‌గా చేతిలో పట్టుకుని ముందు వైపు చేర్చుకుంటూ రండి.

సమస్య: క్వీన్స్ పజిల్‌లో జవాబులు ఎక్కువ వస్తున్నాయి

చెట్టు కాకపోయినా ఇదే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. ఏ ఇద్దరు క్వీన్లూ ఒకే వరసలో, నిలువులో, ఐమూలలో పడకుండా వాళ్ళని చదరంగం బోర్డు మీద ఎన్ని రకాలుగా పెట్టొచ్చు అన్నదే ఈ పజిల్. 8x8 గడుల బోర్డు మీద 8 మంది క్వీన్లకి సరైన జవాబు 92, కానీ తప్పు వెతకడానికి అది మరీ పెద్దది, 4x4 గడులకి, 4 మందికి దిగండి. అక్కడ 2 రావాలి. 256 వస్తే వరసకొకరిని పెట్టడం తప్ప ఇంకేమీ చూడట్లేదు. 24 వస్తే నిలువు చూస్తున్నారు, ఐమూల చూడట్లేదు. 7 వస్తే ఒక ఐమూలే చూస్తున్నారు, వరసల తేడా, నిలువుల తేడా పోల్చేటప్పుడు గుర్తు తీసేయడం మర్చిపోయారన్నమాట. రెండిటికీ అబ్సల్యూట్ విలువ పెట్టి చూడండి, 2కి దిగుతుంది. 2 వచ్చాకే బోర్డుని 8కి పెంచండి.