పింఛను కాగితాలతో అమెరికా సందర్శక వీసా: విశాఖలోని అగ్నిమాపక విశ్రాంత ఉద్యోగులకు

అగ్నిమాపక శాఖలో పదవీ విరమణ చేసి, అమెరికాలో ఉన్న కొడుకునో కూతురినో చూడడానికి బీ1/బీ2 అనే సందర్శక వీసాకు దరఖాస్తు చేసేవారిలో చాలామంది, పింఛను పత్రం చూపిస్తే పని అయిపోతుందని అనుకుంటారు. కానీ ఆ దేశపు వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, సందర్శక వీసా కోరే ప్రతి ఒక్కరినీ అక్కడే స్థిరపడబోయే వ్యక్తిగానే ముందు భావిస్తారు. కాదని నిరూపించుకోవలసింది దరఖాస్తుదారులే. పింఛను మనకు నికరమైన రాబడి ఉందని చెబుతుంది. కానీ అది మనిషి ఎక్కడున్నా ఖాతాలో పడే డబ్బు కనుక, తిరిగి వస్తామనడానికి అదొక్కటే రుజువు కాదు. సొంత ఇల్లు, సాగులో ఉన్న పొలం, ఇక్కడే ఉన్న భార్య లేదా భర్త, చూసుకోవలసిన వృద్ధులు, చదువులో ఉన్న చిన్నబిడ్డ వంటి బంధాలే తిరిగి వస్తారా అన్న ప్రశ్నకు జవాబు.

పాస్‌పోర్టు లేనివారు ముందు అది తీసుకోవాలి. 2016 డిసెంబరులో కేంద్రం నిబంధనలు సడలించినప్పటి నుంచి, జనన ధ్రువపత్రం లేని ప్రభుత్వ విశ్రాంత ఉద్యోగులు అధికారి ధ్రువీకరించిన పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీవో) ప్రతిని పుట్టిన తేదీకి రుజువుగా ఇవ్వవచ్చు. ఇక్కడ ఎక్కువగా తలెత్తే చిక్కు పేరుది. సర్వీసు రిజిస్టరులో, పీపీవోలో "కె. అప్పలరాజు" అని పొడి అక్షరంతో ఉండి, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా పడుతుంది. వీసా దరఖాస్తులో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ చేయించిన అఫిడవిట్ దగ్గర పెట్టుకోవడం మంచిది.

పింఛను లెక్క అర్థమయ్యేలా ఉంచుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఉదాహరణకు మూల పింఛను 40,000 రూపాయలు అనుకుందాం. అందులో 40 శాతాన్ని ముందే ఒకేసారి సొమ్ముగా తీసుకున్నవారికి (దీన్నే కమ్యుటేషన్ అంటారు) నెలనెలా 16,000 తగ్గి, మిగిలిన 24,000కు కరవు భృతి (డీఆర్) తోడై ఖాతాలో పడుతుంది. ఆ డీఆర్‌ను మాత్రం పూర్తి 40,000 మీదే లెక్కగడతారు. తగ్గించిన భాగాన్ని 15 ఏళ్ల తరువాత పునరుద్ధరిస్తారు. అందువల్ల పీపీవోలోని అంకెకూ బ్యాంకు స్టేట్‌మెంటులోని అంకెకూ పొంతన కుదరదు. నెలవారీ పింఛను స్లిప్పు జతగా ఉంటే ఆ తేడా ఎందుకో తెలిసిపోతుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము ఒకేసారి పెద్దమొత్తంగా జమ అయినవారు ఆ మంజూరు ఉత్తర్వులను కూడా తీసుకువెళ్లాలి, లేకపోతే అది వీసా కోసం ఎవరో వేసిన డబ్బులా కనిపించవచ్చు. 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరి కంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్)లో ఉన్నవారికి వారి పింఛను ఖాతా (ప్రాన్) స్టేట్‌మెంటు, నెలనెలా రాబడి ఇచ్చే యాన్యుటీ పత్రం ఈ పని చేస్తాయి.

ఆన్‌లైన్‌లో నింపే వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో వృత్తి దగ్గర "రిటైర్డ్" ఎంచుకోవాలి. గడచిన ఐదేళ్లలో చేసిన ఉద్యోగం అడిగినచోట శాఖ పేరు, హోదా, చేసిన పని రాయాలి. సైన్యంలో పనిచేశారా అన్న ప్రశ్నకు, అగ్నిమాపక సేవ సైనిక సేవ కాదు కనుక, విడిగా సైన్యంలో చేసి ఉంటే తప్ప లేదనే చెప్పాలి. అయితే ఆయుధాలు, పేలుడు పదార్థాలు, రసాయనాలకు సంబంధించిన ప్రత్యేక శిక్షణ గురించి కూడా ఒక ప్రశ్న ఉంది. రిఫైనరీ, రసాయన పరిశ్రమలు ఉన్న విశాఖలో పనిచేసినవారిలో కొందరు గ్యాస్ లీకులను అదుపు చేసే శిక్షణ పొంది ఉంటారు. అలాంటి శిక్షణ ఉంటే దాచకుండా, అది ప్రాణాలు కాపాడే పని కోసం ఇచ్చిందని ఒకటి రెండు వాక్యాల్లో వివరించాలి. గర్వంగా చెప్పుకోవలసిన సంగతే అది. ఫారం నింపుతూ కాసేపు ఆగితే తెర మూసుకుపోతుంది కాబట్టి అప్లికేషన్ ఐడీని ముందే రాసిపెట్టుకోవాలి. ఫొటోలో కళ్లద్దాలు ఉండకూడదు.

వీసా రుసుము ఒక్కొక్కరికి 185 డాలర్లు. భార్యాభర్తలు వేర్వేరుగా చెల్లించాలి, వీసా రాకపోయినా అది తిరిగి ఇవ్వరు. ఆంధ్రప్రదేశ్ హైదరాబాదు కాన్సులేటు పరిధిలోకి వస్తుంది. వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు మరో రోజు పడతాయి కనుక, గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి నేరుగా వరుసలో నిలబడే పద్ధతి పెద్దవయసువారికి తగదు. ఒకరోజు ముందే చేరుకోవాలి.

ఇంటర్వ్యూ కొన్ని నిమిషాల్లోనే ముగుస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఎన్నాళ్లు ఉంటారు, ఖర్చు ఎవరిది, ఇక్కడ ఎవరున్నారు అన్నవాటికి క్లుప్తంగా, నిజంగా చెప్పాలి. ఖర్చు పిల్లలదైతే పిల్లలదనే చెప్పాలి. అధికారి కాగితాలు అడగకపోవచ్చు, అంతమాత్రాన కంగారుపడనక్కరలేదు.

వీసా చేతికి వచ్చాక, జీవన ధ్రువపత్రం గడువు ప్రయాణ కాలంలో పడుతుందేమో ట్రెజరీలో కనుక్కోవాలి, లేకపోతే పింఛను ఆగిపోతుంది. విదేశీ వైద్యానికి ప్రయాణ బీమా తీసుకోవాలి. అమెరికాలో దిగాక, ఎప్పటిదాకా ఉండవచ్చో నమోదయ్యే ఐ-94 రికార్డులో పడిన తేదీని పిల్లల చేత చూపించుకోవాలి. వీసా పదేళ్లకు ఉన్నా, అక్కడ ఉండగలిగే గడువు ఆ తేదీయే. గడువు పెంచమని ముందుగా దరఖాస్తు పెట్టకుండా అది దాటితే ఉన్న వీసా చెల్లకుండా పోతుంది.