పెద్ద బైక్ టెస్ట్ రైడ్‌కి ముందు

లైసెన్స్, సొంత హెల్మెట్, గ్లౌజులు, చీలమండలు కప్పే బూట్లు ఉండాలి. బండి పడితే ఖర్చు ఎవరిదో ముందే అడగండి, మొహమాటం వద్దు.

కదిలే ముందు: పాదాలు నేలకి ఆనుతున్నాయా? క్లచ్ ఎక్కడ పట్టుకుంటోంది? రెయిన్ మోడ్ (పవర్ మెల్లగా అందించే సెట్టింగ్) ఉంటే అందులోనే మొదలుపెట్టండి.

అసలు చిక్కు థ్రాటిల్‌తోనే, అంటే యాక్సిలరేటర్‌తోనే. మీ బండి మీద అలవాటైనంత తిప్పితే ఇది ఎగిరి దూకుతుంది. మలుపు మధ్యలో ఒక్కసారిగా అస్సలు తిప్పొద్దు, టైర్లు కొత్తవైతే మరీను. ముందు ఖాళీ రోడ్డు మీద బ్రేకులు చూసుకోండి. వేగం రెట్టింపైతే బ్రేకింగ్ దూరం సుమారు నాలుగు రెట్లవుతుంది.

పోల్చాలంటే అదే రోజు, అదే రోడ్డు మీద మీ బండీ నడపండి. దాని టైర్లలో గాలి, చైన్ ముందే సరిచూసుకోండి. లేకపోతే పాత బండికి అన్యాయం చేసినట్టే. పికప్ మోజులో పడి ట్రాఫిక్‌లో ఇంజన్ వేడి, సీటు, బరువు గమనించడం మర్చిపోతారు.