ఫార్ములా కన్నా ముందు బొమ్మ: బలాలు, ఘర్షణ లెక్కలు సాధన చేసే పద్ధతి

ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్సులో చలన నియమాల చాప్టర్ వచ్చేసరికి చాలామంది పిల్లలు అనే మాట ఒకటే: "థియరీ చదివితే అర్థమవుతుంది, లెక్క దగ్గరికొస్తే చేయి ఆడదు." నల్లగొండలో గానీ దేవరకొండలో గానీ అచ్చంపేటలో గానీ, సర్కారు కాలేజీలో చదువుకుంటూ సొంతంగా ఎప్‌సెట్‌కు ప్రిపేరయ్యే పిల్లల నోట్సు తెరిచి చూడండి, లెక్క కింద మొదటి లైనులోనే ఫార్ములా ఉంటుంది, బొమ్మ ఉండదు. తప్పు అక్కడే మొదలవుతుంది. ఈ చాప్టర్‌లో నిజంగా గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం న్యూటన్ రెండో నియమం ఒక్కటే, అంటే వస్తువు మీద నికర బలం ద్రవ్యరాశి ఇంటూ త్వరణం. లిఫ్టుకొక ఫార్ములా, వాలు తలానికొకటి, కప్పీకి ఇంకొకటి అని బట్టీ పట్టినవాళ్లు లెక్కలో ఒక్క మాట మారిస్తే ఆగిపోతారు. కోచింగుకు హైదరాబాద్ పోలేకపోయామని దిగులు పడేవాళ్లకు గట్టిగా చెబుతున్నా, ఈ చాప్టర్ వరకు తెలుగు అకాడమీ పుస్తకం, ఒక తెల్లకాగితాల నోట్‌బుక్, పెన్సిల్ సరిపోతాయి.

ముందు ఒక వస్తువును ఎంచుకోండి, ఒక్కదాన్నే. దాన్ని మిగతా అన్నిటి నుంచి విడదీసి ఒక పెట్టెలాగా గీసి, దాని మీద పనిచేసే బలాలకు బాణాలు వేయండి. మొదటి బాణం బరువు, అది ఎప్పుడూ నిట్టనిలువుగా కిందికే, తలం ఎంత వాలుగా ఉన్నా సరే. ఆ తర్వాత ఆ వస్తువును ఏమేం తాకుతున్నాయో చూడండి, ఎందుకంటే ఈ చాప్టర్‌లో బరువు తప్ప మిగతా బలాలన్నీ తాకేవాటి నుంచే వస్తాయి. నేల తాకుతుంటే రెండు బాణాలు, తలానికి లంబంగా అభిలంబ ప్రతిచర్య, తలం వెంట ఘర్షణ. తాడు ఉంటే తన్యత, అది లాగుతుందే గానీ ఎప్పుడూ తోయదు. ప్రతి బాణం దగ్గర ఆగి "ఈ బలాన్ని ఇచ్చేది ఎవరు?" అని అడగండి. జవాబు లేకపోతే ఆ బాణం కొట్టేయాల్సిందే. ముందుకు కదులుతోంది కాబట్టి ముందుకు ఒక బలం ఉండాలని గీసే బాణం ఇలాగే దొరికిపోతుంది. ద్రవ్యరాశి ఇంటూ త్వరణాన్ని కూడా ఒక బలంలాగా గీసేస్తారు, అది బలం కాదు, మీరు గీసిన బాణాలన్నీ కలిస్తే వచ్చే ఫలితం. త్వరణం దిశను పెట్టె పక్కన విడిగా రాసుకోండి.

మూడో నియమం గురించి ఒక మాట. బస్తా నేల మీద ఉంటే దాని బరువు, నేల ఇచ్చే అభిలంబ ప్రతిచర్య చర్య, ప్రతిచర్యల జంట అని రాసేవాళ్లు చాలామంది. ఆ రెండూ ఒకే బస్తా మీద పనిచేస్తున్నాయి కాబట్టి జంట కాలేవు. బస్తా బరువుకు జంట, బస్తా భూమిని పైకి లాగే బలం. జంటలో రెండు బలాలూ వేర్వేరు వస్తువుల మీదే ఉంటాయి, అందుకే ఒకే బొమ్మలో రెండూ కనిపించకూడదు.

ఇక ఘర్షణ. మార్కులు ఎక్కువ పోయేది ఇక్కడే కాబట్టి దీని దగ్గర కాస్త నిలబడదాం.

మిర్యాలగూడ రైస్‌మిల్లు గచ్చు మీద 50 కిలోల వడ్ల బస్తా ఉందనుకోండి. కొనుగోలు కేంద్రాల్లో కాంటా వేసేది 40 కిలోలు, లెక్క సులువుగా ఉండాలని 50 తీసుకుంటున్నా. స్థైతిక ఘర్షణ (వస్తువు ఆగి ఉన్నప్పటిది) గుణకం 0.4, గతిక ఘర్షణ (జారుతున్నప్పటిది) గుణకం 0.3, గురుత్వ త్వరణం జీ విలువ 10. బరువు 50 ఇంటూ 10, అంటే 500 న్యూటన్లు, నేల ఇచ్చే అభిలంబ ప్రతిచర్య కూడా అంతే. దాన్ని గుణకంతో గుణిస్తే ఘర్షణ వస్తుంది. హమాలీ దాన్ని అడ్డంగా 120 న్యూటన్లతో నెట్టాడు. ఘర్షణ ఎంత? చూడగానే 0.4 ఇంటూ 500, అంటే 200 న్యూటన్లు అని రాసేస్తారు. ఒక్క నిమిషం ఆలోచించండి. 120తో నెడితే ఘర్షణ 200తో వెనక్కి తోస్తే బస్తా హమాలీ మీదికే రావాలి కదా! 200 అనేది ఘర్షణ ఇవ్వగలిగిన గరిష్ఠ విలువ, ఇప్పుడు ఇస్తున్న విలువ కాదు. నెట్టేది 120 కాబట్టి ఘర్షణ కూడా 120, బస్తా కదలదు. అతను 180తో నెడితే ఘర్షణ 180. సరిగ్గా 200 అయితే కదలబోయే స్థితి. 250తో నెడితే బస్తా కదులుతుంది, ఇప్పుడు గతిక ఘర్షణ వర్తిస్తుంది, 0.3 ఇంటూ 500 అంటే 150. మిగిలిన 100 న్యూటన్లను 50తో భాగిస్తే త్వరణం 2.

అందుకే ఘర్షణ లెక్క ఏదైనా సరే వరుస ఇదే: ఘర్షణ లేదనుకుంటే వస్తువు ఎటు జారుతుందో చూడు, దానికి ఎదురుగా బాణం గీయి, ఆగి ఉండటానికి ఎంత ఘర్షణ కావాలో లెక్కగట్టు, గరిష్ఠంతో పోల్చు. కావాల్సింది తక్కువైతే కావాల్సినంతే జవాబు. ఎక్కువైతేనే వస్తువు జారుతుంది, అప్పుడే గతిక గుణకం వాడాలి.

ఇప్పుడు సాధన ఎలా చేయాలో చెబుతా. పుస్తకంలో ఇరవై లెక్కలు గబగబా చేయడం కన్నా ఒక్క లెక్కను పట్టుకుని దానిలో ఒక్కో విషయం మారుస్తూ పోవడం ఎంతో మేలు. అదే బస్తాను తీసుకోండి. ఈసారి తాడు కట్టి 37 డిగ్రీల కోణంలో పైకి 250 న్యూటన్లతో లాగారు. సైన్ 37 విలువ 0.6, కాస్ 37 విలువ 0.8. పైకి 150, అడ్డంగా 200. తాడు కొంత బరువును మోస్తోంది కాబట్టి అభిలంబ ప్రతిచర్య 500 కాదు, 350. గరిష్ఠ స్థైతిక ఘర్షణ 140, అడ్డంగా లాగేది 200, కాబట్టి కదులుతుంది. గతిక ఘర్షణ 105, నికర బలం 95, త్వరణం 1.9. ఇప్పుడు అదే 250ని అదే కోణంలో కిందికి ఒత్తుతూ నెట్టండి. అభిలంబ ప్రతిచర్య 650 అవుతుంది, గరిష్ఠ ఘర్షణ 260, అడ్డంగా నెట్టేది మళ్లీ 200 మాత్రమే. బస్తా కదలదు, ఘర్షణ 200. అదే బస్తా, అదే బలం, అదే కోణం, లాగితే కదిలింది, నెడితే కదల్లేదు. ఈ రెండు లెక్కలూ మీ చేత్తో చేస్తే, అభిలంబ ప్రతిచర్య అంటే ప్రతిసారీ ఎంజీ (ద్రవ్యరాశి ఇంటూ జీ, అంటే బరువు) అని రాసే అలవాటు పోతుంది.

బస్తాను పడుకోబెట్టకుండా నిలబెడితే? గరిష్ఠ ఘర్షణ మారదు. ఘర్షణ తాకే వైశాల్యాన్ని బట్టి ఉండదని ఫ్రాన్స్‌లో అమోంటాన్స్ 1699లోనే చెప్పాడు, పరీక్షలో ఈ పాయింట్ మీద బిట్ అడగడం మామూలే.

తర్వాత లారీకి ఆనించిన చెక్క మీద పెట్టండి. వాలు 20 డిగ్రీలు. బొమ్మలో అక్షాలను తలం వెంట, తలానికి లంబంగా తిప్పుకుంటే సగం పని అయిపోతుంది. సైనా, కాసా అని సందేహం వస్తే కోణాన్ని సున్నా చేసి చూడండి: చెక్క పూర్తిగా నేలకు సమాంతరమైతే జారేలా లాగే బలం సున్నా కావాలి, సైన్ సున్నా కూడా సున్నానే, కాబట్టి తలం వెంట ఎంజీ సైన్ తీటా. 20 డిగ్రీల దగ్గర అది సుమారు 171 న్యూటన్లు, గరిష్ఠ ఘర్షణ సుమారు 188, బస్తా ఆగే ఉంటుంది, ఘర్షణ 171. టాన్ తీటా విలువ 0.4 దాటేది దాదాపు 21.8 డిగ్రీల దగ్గర, అదే విరామ కోణం. 30 డిగ్రీలు చేస్తే జారుతుంది, త్వరణం సుమారు 2.4. ఇందులో ద్రవ్యరాశి ఎక్కడా మిగలలేదు, నిండు బస్తా అయినా సగం బస్తా అయినా త్వరణం ఒకటే.

బస్తా లారీ ఎక్కేసింది, విజయవాడ హైవే మీద చిట్యాల దాటింది. లారీ వేగం పెంచుతుంటే బస్తాను ముందుకు తీసుకెళ్తున్నది ఎవరు? ఘర్షణే! ఘర్షణ ఎప్పుడూ చలనానికి వ్యతిరేకం అని నేర్చుకున్నవాళ్లు ఇక్కడ బాణం తిరగేసి గీస్తారు. అది వ్యతిరేకించేది ఒక తలం మీద ఇంకొకటి జారడాన్ని. బస్తా జారకుండా ఉండాలంటే లారీ త్వరణం 0.4 ఇంటూ 10, అంటే 4 దాటకూడదు. బ్రేక్ వేసినా అంతే. గంటకు 72 కిలోమీటర్లు అంటే సెకనుకు 20 మీటర్లు, 5 బై 18తో గుణించడం మరిచిపోవద్దు. ఆగడానికి కావాల్సిన దూరం వేగ వర్గం బై రెండు రెట్ల త్వరణం, కనీసం 400 బై 8, అంటే 50 మీటర్లు, అంతకన్నా తక్కువలో ఆపితే బస్తా ముందుకు జారుతుంది. దోమలపెంట దాటాక శ్రీశైలం వైపు దిగే ఘాట్ రోడ్డు మలుపులను కూడా లెక్కగా మార్చుకోవచ్చు. రోడ్డు సమతలంగా ఉంది, మలుపు వ్యాసార్ధం 25 మీటర్లు, టైరుకు గుణకం 0.4 అనుకోండి, గరిష్ఠ వేగం గుణకం, జీ, వ్యాసార్ధాల లబ్ధానికి వర్గమూలం, అంటే సెకనుకు 10 మీటర్లు, గంటకు 36 కిలోమీటర్లు. వానకు గుణకం 0.1కి పడిపోతే వేగం 18కి తగ్గాలి. గుణకం నాలుగో వంతు అయితే వేగం సగమే అయింది, ఎందుకో వర్గమూలంలో చూడండి.

రెండు వస్తువుల లెక్కలకు పిల్లలు ఎక్కువ టెన్షన్ పడతారు గానీ కొత్తదేమీ లేదు, రెండు బొమ్మలు గీయాలి, అంతే. బావి గిరకలాంటి కప్పీ మీద తాడు, ఒక పక్క 3 కిలోలు, ఇంకో పక్క 2. గిరకకు బరువు, రాపిడి లేవనుకుంటే త్వరణం 2, తన్యత 24. జవాబు రాగానే సరిచూసుకోండి: తన్యత 20కీ 30కీ మధ్య ఉండాలి, 20 కన్నా తక్కువైతే చిన్న బరువు పైకి లేవదు, 30 కన్నా ఎక్కువైతే పెద్దది కిందికి రాదు. ఇలా జవాబును ప్రశ్నించడం అలవాటైతే పరీక్షలో నాలుగు ఆప్షన్లలో రెండు చూపుతోనే పోతాయి.

కొంచెం కష్టమైనది ఒకటి. 3 కిలోల దిమ్మ మీద 2 కిలోల దిమ్మ, రెండింటి మధ్య గుణకం 0.2, కింద నేల నున్నగా ఉంది. కింది దిమ్మను ఎంత బలంతో లాగితే రెండూ కలిసి కదులుతాయి? పై దిమ్మను నడిపేది ఘర్షణ ఒక్కటే, అది ఇవ్వగలిగిన త్వరణం 2, కాబట్టి మొత్తం 5 కిలోలకు గరిష్ఠంగా 10 న్యూటన్లు. బలాన్ని పై దిమ్మకు మారిస్తే ఇప్పుడు ఘర్షణ మోయాల్సింది 3 కిలోలను, జవాబు సుమారు 6.67కి తగ్గుతుంది. రెండూ పక్కపక్కనే రాసి చూడండి.

నోట్‌బుక్ విషయం త్వరగా చెప్పేస్తా. లెక్కకు ఒక పేజీ, పైన సగం బొమ్మకే. తప్పయిన లెక్క పక్కన ఎందుకు తప్పిందో మూడు మాటల్లో రాయండి: ఘర్షణ దిశ, అభిలంబ ప్రతిచర్య, యూనిట్లు, ఇలా. వారం తర్వాత జవాబు చూడకుండా ఆ లెక్కలే మళ్లీ చేయండి. గురుకులంలో ఉండేవాళ్లు స్టడీ అవర్‌లో ఒకరు బొమ్మ గీస్తే పక్కవాళ్లు "ఈ బలం ఇచ్చేది ఎవరు?" అని అడగాలి. ఎప్‌సెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్ 40, నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి టైము పెట్టుకుని చేయడం కూడా కావాలి, కానీ అది బొమ్మ తప్పు లేకుండా వచ్చాకే. ముందే గడియారం పెట్టుకుంటే మళ్లీ ఫార్ములా వెతుకులాటలోకి జారిపోతారు.

ఈ రాత్రి చేయడానికి ఒకటి ఇస్తున్నా. 2 కిలోల పుస్తకాన్ని గోడకు 50 న్యూటన్లతో ఒత్తి పట్టుకున్నారు, స్థైతిక గుణకం 0.5. ఘర్షణ ఎంత? ఒత్తిడి బలాన్ని 100 చేస్తే ఎంత? 30కి తగ్గిస్తే ఏమవుతుంది? మొదటి రెండింటికీ జవాబు ఒకటే వచ్చి, మూడోదాంట్లో పుస్తకం జారిపోతే మీరు చేసింది సరైనదే. మొదటిదానికి 25 వచ్చిందంటే మాత్రం బస్తా లెక్క దగ్గరికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి.