పందికొక్కు నుంచి బ్యాండికూట్ దాకా: ఇంగ్లిష్ మాట మూలం పట్టుకోవడం ఎలా

అపార్ట్‌మెంట్ సెల్లార్లలో మట్టి తవ్విపోసే పందికొక్కే ఇంగ్లిష్‌లోకి వెళ్లి బ్యాండికూట్ అయింది. మాటల పుట్టుక వెతకడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మాట దొరకదు, ఎందుకంటే ఒక కొస మన చేతిలోనే ఉంది.

ముందు పెద్ద ఇంగ్లిష్ నిఘంటువులో వ్యుత్పత్తి భాగం తెరవండి. ‘ఫలానా భాష నుంచి’ అని ఉంటే అది వచ్చిన దారి. ‘పోల్చండి’ అని ఉంటే పోలిక మాత్రమే. ఎక్కువ తప్పులు ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తాయి. రూపం ముందు నక్షత్రం గుర్తుంటే అది రాతలో దొరకలేదని, పండితులు లెక్కగట్టి నిలబెట్టిన రూపమని అర్థం.

తర్వాత రెండో కొస నుంచి రండి. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ (ఇంగ్లిష్‌లోకి చేరిన భారతీయ మాటల నిఘంటువు) బ్యాండికూట్‌కు తెలుగు పందికొక్కునే మూలంగా చూపుతుంది. బ్రౌన్ తెలుగు నిఘంటువులో ‘పందికొక్కు’తో పాటు ‘కొక్కు’ కూడా చూడండి. రెండు పుస్తకాలూ చికాగో విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాత ముద్రణలు చేత్తో తిరగేయాలనుకుంటే, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో వాకబు చేయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ధ్వని, అర్థం, దారి మూడూ కుదరాలి. పకారం బకారం కావడం తేలిక, రెండూ పెదవులతో పలికేవే. ‘కొక్కు’ ‘కూట్’ కావడం మాత్రం కాస్త వదులు. అయినా జంతువు అదే. పైగా 1611 నుంచే మచిలీపట్నంలో ఇంగ్లిష్ కంపెనీ స్థావరం ఉంది కాబట్టి, మాట చేరడానికి దారీ ఉంది. అందుకే ఆ వదులును ఒప్పుకోవచ్చు.

ధ్వని ఒక్కటే నమ్మితే బోల్తా పడతారు. బద్నాం, బద్మాష్‌లలోని ఫారసీ ‘బద్’, ఇంగ్లిష్ ‘బ్యాడ్’ వినడానికీ ఒకటే, అర్థమూ ఒకటే. చుట్టరికం మాత్రం లేదు. ఇంగ్లిష్ వాళ్లకు ఫారసీతో పరిచయం కలగక చాలా ముందే, 1300 ప్రాంతానికే, ‘బ్యాడ్’ వాళ్ల రాతల్లో ఉంది. దారి లేదంటే మూలం కాదన్నట్టే.

చివరగా, ఒక్కో అర్థానికి తేదీ విడిగా రాసుకోండి. ఆస్ట్రేలియాలో బ్యాండికూట్ అంటే పిల్లల్ని సంచిలో పెంచుకునే వేరే జంతువు. నావికుడు జార్జ్ బాస్ 1799లో దానికి ఆ పేరు వాడాడు. ఈ అర్థాన్నే మొదటిదనుకుంటే మాట ఆస్ట్రేలియాదని రాసేస్తారు.