గ్రాఫింగ్ కాలిక్యులేటర్ పట్టుకునే ముందు

విజయనగరం నుంచి శాట్ (అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే పరీక్ష) రాయబోయే పిల్లలకు, సమీకరణాల గ్రాఫులు తెరపై గీసే కాలిక్యులేటర్ గురించి ఈ జాగ్రత్తలు. జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ రాసేవారు దీన్ని ఇంట్లోనే వదిలేయండి, లోపలికి రానివ్వరు.

• కోణాల కొలత డిగ్రీల్లో ఉందో లేదో ముందు చూసుకోండి. సైన్ 30 అంటే 0.5 రావాలి. -0.988 వచ్చిందా, అది రేడియన్లలో ఉన్నట్టే. మంచి విద్యార్థులు కూడా తడబడేది ఇక్కడే.

• తెర మామూలుగా -10 నుంచి 10 వరకే చూపిస్తుంది. ఎక్స్ వర్గానికి 50 కలిపి గీయమంటే ఖాళీ తెరే మిగులుతుంది. యంత్రం పాడైందని కంగారుపడకండి, పరిధి పెంచండి.

• టీఐ-84 ప్లస్ అనే మోడల్ కాలిక్యులేటర్ తెరలో ఉన్నవి 96×64 చుక్కలే. టాన్ గ్రాఫులో లేని నిలువు గీతను కూడా గీసిపెట్టగలదు! గీత ఎక్కడ తెగాలో మీకే తెలిసుండాలి.

• టీఐ-84 ప్లస్‌కు నాలుగు ట్రిపుల్-ఏ బ్యాటరీలు కావాలి. పరీక్షకు ముందురోజే గంటస్తంభం వైపు వెళ్లి కొనుక్కోండి.