ఫెసిలిటేటర్ల మధ్య మాట కుదరాలంటే

మనిషిని లోపలి నుంచి కదిలించే రిట్రీట్లు, వర్క్‌షాపులు నడిపేవాళ్ళం తరచూ వాడే మాటలకి అందరి మనసులోనూ ఒకటే అర్థం ఉందనుకుంటాం. ఉండదు. ఒకసారి నేనూ, నాతో కలిసి నడిపే ఆవిడా "ఎవరైనా ఏడిస్తే సపోర్ట్ చేద్దాం" అని ముందే అనుకున్నాం. తీరా ఒకాయన ఏడవడం మొదలుపెట్టగానే ఆవిడ వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది, నేనేమో ఆయన్ని కదపకుండా ఉండటమే సపోర్ట్ అనుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఆయన చప్పున ఏడుపు ఆపేశాడు, మిగతా రెండు రోజులూ నోరు విప్పలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే ప్రోగ్రామ్‌కి వారం ముందే టీమంతా కూర్చోండి. హోల్డింగ్ స్పేస్ (తప్పొప్పులు ఎంచకుండా ఎదుటివాళ్ళకి తోడుగా ఉండటం), కన్సెంట్ (ముందే అడిగి ఒప్పుకోలు తీసుకోవడం), ఇంటిగ్రేషన్ (ఇక్కడ కలిగిన అనుభవాన్ని రోజువారీ జీవితంలో కలుపుకోవడం) లాంటి మాటలు ఓ పది రాసుకుని, ఒక్కోదాని ఎదురుగా "ఆ సమయంలో నేను ఏం చేస్తాను, ఏం అంటాను" అన్నది ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళది చూడకుండా రాయండి. నిర్వచనాలు మాత్రం అడగొద్దు, అడిగితే అందరూ ఒకేలా అందంగా రాస్తారు, అసలు తేడా దాక్కుంటుంది.

ఎక్కువ పేచీ ఇంటిగ్రేషన్ దగ్గరే. ఒకరికి అది చివరి అరగంట కూర్చుని మాట్లాడుకోవడం, ఇంకొకరికి నెలల తరబడి ఫోన్లు చేస్తూ ఉండటం. మానవశాస్త్రవేత్త వాన్ జెన్నెప్ 1909లోనే, మనిషి జీవితంలో ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారేటప్పుడు చేసే ఆచారాల్లో మూడు దశలు చూశాడు: ఉన్నచోటు నుంచి విడిపోవడం, గడప మీద నిలబడటం, తిరిగి నలుగురిలో కలవడం. మనం మొదటి రెంటికీ చెమటోడ్చి, మూడోదాన్ని, అంటే ఇంటిగ్రేషన్‌ని, వదిలేస్తాం. కాబట్టి ఎవరు ఫోన్ చేస్తారు, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది పేర్లతో సహా రాసుకోండి.

"సెట్ అండ్ సెట్టింగ్" అంటే గది అలంకరణ ఒక్కటే కాదు. 1960ల సైకెడెలిక్ (మనసు తీరునీ, అనుభూతినీ మార్చే మందుల) పరిశోధనల్లో వ్యాపించిన ఈ మాటలో సెట్ అంటే వచ్చిన మనిషి మానసిక స్థితి, అంచనాలు, భయాలు. సెట్టింగ్‌లో చోటుతోపాటు చుట్టూ ఉన్న మనుషులు కూడా వస్తారు, అంటే మనమూ అందులో భాగమే.

ట్రామా (మనసుకి తగిలిన పాత గాయం), ట్రిగ్గర్ (ఆ గాయాన్ని మళ్ళీ రేపేది) అనే మాటల్ని సెషన్ మధ్యలో ఒకరికొకరు చెప్పుకోవద్దు, వైద్యులు కానివాళ్ళు రోగం పేరు పెట్టినట్టవుతుంది. "ఊపిరి వేగంగా తీస్తున్నాడు, పిలిస్తే పలకట్లేదు" అని కంటికి కనిపించిందే చెప్పండి, అప్పుడు ఏం చెయ్యాలో పక్కవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. సెషన్ ఆపెయ్యడానికి ఒకే ఒక్క మాట పెట్టుకోండి. టీమ్‌లో అందరికన్నా కొత్తగా చేరినవాళ్ళు అన్నా సరే, ఆగాల్సిందే.

ప్రోగ్రామ్ అయ్యాక ఆ కాగితం మళ్ళీ తీసి, ఎక్కడ ఒకరు అనుకున్నది ఇంకొకరికి వేరేలా అందిందో అక్కడ గీత పెట్టి, ఆ మాటని మళ్ళీ రాయండి.