ప్లాటు, చిట్టీ, పీఎఫ్ ఉన్నవాళ్లు జకాత్ లెక్క వేసుకోవడం ఎలా

రంజాన్ చివరి పది రోజులు వచ్చాయంటే ఏటీఎం నుంచి పాతికవేలో యాభైవేలో తెచ్చి, గుమ్మం ముందుకు వచ్చినవాళ్లకల్లా ఐదువందల నోట్లు పంచేసి, "ఈ ఏడాది జకాత్ అయిపోయింది" అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అది సదఖా, అంటే ఇష్టంకొద్దీ చేసే దానం, మంచి పనే. జకాత్ తీరిందా అంటే మాత్రం చెప్పలేం, ఎందుకంటే అది ముస్లింలు ఏటా తమ సొమ్ములో రెండున్నర శాతం లెక్క కట్టి తప్పనిసరిగా ఇచ్చేది, చేతికొచ్చినంత ఇచ్చేది కాదు. మన తాతలకు ఈ లెక్క తేలిక, పెట్టెలో ఉన్న వెండి బంగారాలు, కొట్లో సరుకు చూసుకుంటే సరిపోయేది. ఇప్పుడు డబ్బు పది చోట్ల పది రూపాల్లో ఉంటోంది, అందులో సగం మనకే గుర్తుండదు.

ఒక మాట ముందే చెప్తాను. ఇక్కడ రాసేది ఎక్కువగా ఇస్లాం ధర్మశాస్త్రపు నాలుగు పద్ధతుల్లో ఒకటైన హనఫీ పద్ధతి, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది పాటించేది అదే కాబట్టి. హైదరాబాద్ బార్కస్ వైపు షాఫయీ పద్ధతివాళ్లు ఉన్నారు, ఏ ఒక్క పద్ధతికీ కట్టుబడని అహ్లె హదీస్ వాళ్లూ ఉన్నారు, పెద్ద తేడా వచ్చిన చోట చెప్తాను. మీ వ్యవహారం మరీ చిక్కుగా ఉంటే ఫోన్‌లో వచ్చిన ఫార్వర్డ్ మెసేజ్ చూసి కాకుండా, వివరాలన్నీ కాగితం మీద రాసి జామియా నిజామియా లాంటి చోట ఉన్న దారుల్ ఇఫ్తాలో (ధర్మసందేహాలకు ముఫ్తీలు జవాబు చెప్పే విభాగంలో) అడగండి.

మొదట తేదీ తేల్చుకోండి. జకాత్‌కు రంజాన్‌తో సంబంధం ఉండాలని ఏమీ లేదు. మీ దగ్గర మొదటిసారి నిసాబ్ (జకాత్ తప్పనిసరి అయ్యే కనీస సొమ్ము) అంత చేరిన హిజ్రీ (ఇస్లామీ చాంద్రమాన క్యాలెండర్) తేదీ మీ జకాత్ తేదీ, అది రజబ్ 12 కావచ్చు, ముహర్రం 3 కావచ్చు. గుర్తులేకపోతే మొదటి ఉద్యోగం, పెళ్లి లాంటివి గుర్తు తెచ్చుకుని దగ్గరగా ఒక తేదీ అంచనా వేసి దానికే కట్టుబడండి. ప్రతి నెల జీతానికీ విడివిడిగా ఏడాది నిండాలా అని చాలామంది అడుగుతారు, అక్కర్లేదు. ఏడాది మొదట్లో, చివర్లో నిసాబ్ ఉంటే చాలు, మధ్యలో తగ్గినా పూర్తిగా సున్నా కాకపోతే ఏడాది తెగదు, ఆ తేదీన మీ దగ్గర ఎంత ఉందో అంతా, నిన్న పడిన జీతంతో సహా, లెక్కలోకి వస్తుంది. హిజ్రీ ఏడాది సుమారు 354 రోజులు. వ్యాపారం ఉండి ఖాతాలన్నీ మార్చి 31కే ముగించేవాళ్లు ఇంగ్లిష్ ఏడాది పెట్టుకుంటే ఆ పదకొండు రోజుల తేడా కోసం రెండున్నర శాతం బదులు 2.577 శాతం కట్టాలని ఈ కాలపు ఫిఖ్ (ధర్మశాస్త్ర) పండితులు చెప్పారు.

ఇక నిసాబ్. పుస్తకాల్లో బంగారం ఏడున్నర తులాలు, వెండి యాభై రెండున్నర తులాలు అని ఉంటుంది. ఇక్కడే మనవాళ్లు బోల్తా పడతారు. ఇవాళ షాపులో తులం అంటే 10 గ్రాములు, ఆంధ్ర వైపు కాసు అంటే 8 గ్రాములు. పుస్తకంలోది పాత తులం, 11.66 గ్రాములది. కాబట్టి బంగారం 75 గ్రాములు కాదు, 87.48 గ్రాములు, వెండి 612.36 గ్రాములు. (అరబ్ దేశాల పండితుల లెక్కలో 85, 595 అని కనిపిస్తాయి, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు అవే వాడతారు.) వెండి గానీ, నగదు గానీ, అమ్మకం సరుకు గానీ ఏమీ లేకుండా ఒక్క బంగారమే ఉంటే బంగారం కొలత చూడాలి. బంగారంతో పాటు కొంచెం నగదైనా ఉంటే అన్నీ కలిపి వెండి విలువతో పోల్చాలి. వెండి కిలో లక్షన్నర అనుకుంటే వెండి నిసాబ్ సుమారు 92 వేలు. ఇప్పుడు చూడండి, నాలుగు తులాల గాజులు, అకౌంట్‌లో ఇరవై వేలు ఉన్న అమ్మాయి కూడా సాహెబే నిసాబ్, అంటే జకాత్ కట్టాల్సిన మనిషి, అవుతుంది. "నాకేం ఉంది" అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూసుకోవాలి. ధర మాత్రం మీ తేదీ నాటిదే తీసుకోండి.

ఇప్పుడు ఒక నోటుబుక్కు తీసి ఉన్నవన్నీ రాయండి. నగదు, బ్యాంకులో అసలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ అసలు, యూపీఐ వాలెట్‌లో మిగిలిన చిల్లర కూడా. వడ్డీ రాయకండి. అది మీ సొమ్ము కాదు, మొత్తం తీసి పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయాల్సింది, దాన్ని జకాత్‌లో జమ చేసుకోవడం అసలు కుదరదు. కొందరు తెలివిగా వడ్డీ డబ్బుతో జకాత్ "సర్దుబాటు" చేస్తారు. అలా చేస్తే జకాత్ అలాగే మిగిలిపోతుంది.

బంగారం విషయంలో హనఫీలకు ఒంటి మీద వేసుకునే నగలు కూడా లెక్కలోవే. షాఫయీ, మాలికీ, హంబలీ పద్ధతుల్లో మామూలుగా ధరించే నగలకు మినహాయింపు ఉంది. మజూరీ, తరుగు, రాళ్ల ధర తీసేసి, 22 క్యారెట్ల నగకు ఆనాటి 22 క్యారెట్ల రేటు వేయండి. ఇంకో సంగతి, భార్య నగలు భార్యవి. ఆ జకాత్ ఆమె మీదే ఉంటుంది, ఇద్దరి సొమ్ము ఒక్క ముద్ద చేసి లెక్క కట్టకూడదు. ఆమె దగ్గర నగదు లేకపోతే ఆమెకు చెప్పి, ఆమె ఒప్పుకుంటే భర్త కట్టవచ్చు. పెళ్లిలో ఆమె పుట్టింటి నగలను మా ఇంటి బంగారం అని చెప్పుకుని, జకాత్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది తనది, తనే చూసుకోవాలి" అనే మగవాళ్లకు చెప్పేదేమీ లేదు.

చిట్టీ చాలామంది మర్చిపోతారు. మీరింకా పాడుకోకపోతే ఇప్పటిదాకా కట్టిందంతా మీకు రావాల్సిన డబ్బు, లెక్కలో రాయాలి. పాడుకుని డబ్బు తీసుకుంటే, కట్టిన దానికంటే ఎక్కువ తీసుకున్నంత మేర మీరు అప్పులో ఉన్నట్టు. (పాటలో తగ్గించి ఇచ్చే చిట్టీ హలాలేనా అన్నది వేరే చర్చ, ముఫ్తీ సాబ్‌ను అడగండి.) స్నేహితుడికి ఇచ్చిన చేబదులు తిరిగి వస్తుందన్న నమ్మకం ఉంటే అదీ రాయాలి. ఇప్పుడే కట్టవచ్చు, లేదా చేతికొచ్చాక గడిచిన ఏళ్లకు కూడా కలిపి కట్టవచ్చు.

పీఎఫ్‌లో జీతం నుంచి తప్పనిసరిగా కోసే భాగం మీ చేతికి రాలేదు, మీ ఇష్టంతో ఆపుకోగలిగిందీ కాదు, అందుకని చేతికొచ్చాకే జకాత్, గడిచిన ఏళ్లకు అక్కర్లేదు అని మన దేశపు హనఫీ ముఫ్తీల్లో ఎక్కువమంది చెప్తారు. మీరే కోరి ఎక్కువ కోయించుకుంటున్న వాలంటరీ పీఎఫ్, మీరే కడుతున్న పీపీఎఫ్ అలా కాదు, వాటి అసలు ఏటా లెక్కలో రాయడమే జాగ్రత్త. షేర్లు కొని అమ్ముకునేవాళ్లు ఆనాటి మార్కెట్ విలువ మొత్తం రాయాలి. డివిడెండ్ కోసం ఏళ్ల తరబడి ఉంచుకునేవాళ్లకు కంపెనీ నగదు, సరుకు, రావాల్సిన బాకీలలో తమ వాటాకే జకాత్ పడుతుంది. ఆ బ్యాలెన్స్ షీట్ చదివే ఓపిక లేకపోతే మొత్తం విలువ మీద కట్టేయండి, టెన్షన్ ఉండదు. అసలు ఏ కంపెనీ కొనాలో తెలియనివాళ్లకు నిఫ్టీ 50 షరియా సూచీ ఉంది, అందులో బ్యాంకులు, మద్యం కంపెనీలు ఉండవు.

అసలు గొడవంతా ప్లాటు దగ్గర. ఉంటున్న ఇల్లు, నడుపుకునే ఆటో, ట్రాక్టరు, కారు, ఫ్రిజ్, వీటికి జకాత్ లేదు, ఇది అందరికీ తెలుసు. అద్దె ఇంటి విలువకూ లేదు, వచ్చిన అద్దెలో తేదీ నాటికి మిగిలింది మాత్రం నగదులో కలుస్తుంది. ప్లాటు దగ్గర చూడాల్సింది కొన్న రోజు మీ ఉద్దేశం. రేటు పెరిగాక అమ్ముదామనే శంకర్‌పల్లి వెంచర్‌లోనో అమరావతి పక్కనో రెండువందల గజాలు కొంటే అది అమ్మకం సరుకు, కొట్లో బియ్యం బస్తాల్లాగే, ఏటా మార్కెట్ ధర మీద జకాత్. ఇల్లు కట్టుకుందామని కొంటే లేదు. "చూద్దాం, కట్టుకోవచ్చు, అమ్మనూవచ్చు" అని అటూఇటూగా కొన్నా లేదు. ఇంటి కోసం కొని తర్వాత అమ్మాలనిపిస్తే, నిజంగా అమ్మి డబ్బు చేతికొచ్చేదాకా లేదు. అమ్మడానికి కొని, తర్వాత ఇల్లు కట్టుకుందామని గట్టిగా నిర్ణయించుకుంటే అప్పటినుంచి ఆగిపోతుంది. వారసత్వంగా వచ్చిన స్థలం అమ్మేదాకా లెక్కలోకి రాదు. ఈ నియమాలు విన్నాక కొందరికి పదేళ్ల కిందట కొన్న ప్లాటు మీద హఠాత్తుగా ఇల్లు కట్టుకునే కోరిక పుడుతుంది, ఆ కోరిక జకాత్ తేదీకి వారం ముందు పుడితే దాని సంగతి మీకూ అల్లాహ్‌కూ తెలుసు. చేతిలో నగదు లేకపోతే రాసిపెట్టుకుని, అమ్మిన రోజు అన్ని ఏళ్లదీ కట్టవచ్చు. మాలికీ పద్ధతిలో ఇలా ధర కోసం పట్టి ఉంచిన ఆస్తికి అమ్మినప్పుడు ఒక్క ఏడాదికే కడితే చాలు. హనఫీగా ఉంటూ ఈ ఒక్క దగ్గర మాలికీ అయిపోతానంటే ముందు ముఫ్తీని అడగాలి.

తర్వాత అప్పులు తీసేయండి. చేబదుళ్లు, కిరాణా బాకీ, ఈ నెల కట్టాల్సిన అద్దె, కరెంటు బిల్లు పూర్తిగా తీసేయవచ్చు. ఇరవై ఏళ్ల హోమ్ లోన్ మొత్తం తీసేస్తే ఐటీలో నెలకు రెండు లక్షల జీతగాడు కూడా పేదవాడు అయిపోతాడు, అందుకే ఇప్పటి ముఫ్తీలు ఇప్పుడు కట్టాల్సి ఉన్న వాయిదాలే తీసేయమంటున్నారు. అది ఈ నెలదా ఏడాదిదా అన్నదాంట్లో తేడా ఉంది, ఒకటి ఎంచుకుని ఏటా అదే పాటించండి. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టడం జకాత్ కట్టినట్టు కాదు. కట్టేసిన పన్ను ఎలాగూ మీ దగ్గర లేదు కాబట్టి లెక్కలోకే రాదు.

ఒక ఉదాహరణ వేద్దాం. బ్యాంకులో 1,80,000, నగదు 10,000, పాడని చిట్టీలో కట్టింది 90,000, స్నేహితుడి దగ్గర 50,000, అమ్మకానికి కొన్న ప్లాటు ఇవాళ్టి ధర 14,00,000. మొత్తం 17,30,000. చేబదులు 40,000, ఈ నెల బండి వాయిదా 6,000 తీసేస్తే 16,84,000. అందులో రెండున్నర శాతం, అంటే నలభైతో భాగిస్తే, 42,100. ప్లాటు మర్చిపోతే ఇదే మనిషి 7,100 కట్టి ఊరుకునేవాడు.

ఎవరికి ఇవ్వాలో ఖురాన్ తొమ్మిదో సూరా (అధ్యాయం) 60వ ఆయత్‌లో ఎనిమిది రకాలు ఉన్నాయి. మన చుట్టూ ఎక్కువగా కనిపించేవాళ్లు పేదలు, అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు. అమ్మానాన్నలకు, తాతలకు, అమ్మమ్మ నానమ్మలకు, పిల్లలకు, మనవలకు, భార్యకు చెల్లదు, వాళ్లను చూసుకోవడం ఎలాగూ మీ బాధ్యతే. ప్రవక్త వంశస్థులైన సయ్యద్‌లకు కూడా జకాత్ ఇవ్వకూడదు, వాళ్లకు అవసరముంటే కానుకగా ఇవ్వండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, చిన్నాన్నలు, మేనత్తలు, అత్తమామలు నిసాబ్ లేనివాళ్లయితే వాళ్లకు ఇవ్వడం ఇంకా మంచిది, సాయం అయినట్టూ బంధుత్వం నిలిపినట్టూ ఉంటుంది. ఇది జకాత్ అని చెప్పాల్సిన పని లేదు, మీ మనసులో నియ్యత్ (సంకల్పం) ఉంటే చాలు, "ఈద్ ఖర్చులకి ఉంచు ఆపా" అంటే సరిపోతుంది.

హనఫీ పద్ధతిలో జకాత్ సొమ్ము ఒక పేద మనిషి సొంతం కావాలి. కాబట్టి మసీదు కట్టడానికి, బోరు వేయడానికి, మదర్సా టీచర్ల జీతాలకు చెల్లదు. మదర్సాలో పేద పిల్లల భోజనానికి ఇవ్వవచ్చు, రసీదు పుస్తకంతో వచ్చినవాళ్లను జకాత్ ఖాతా విడిగా ఉందా అని అడగండి, అడిగితే తప్పేం లేదు. ఎవరిదైనా ఆసుపత్రి బిల్లు కట్టాలనుకుంటే డబ్బు రోగి చేతికే ఇవ్వండి, లేదా "నా తరఫున మీరు కట్టండి" అని వాళ్లతో అనిపించుకుని కట్టండి. మీ పొరుగున ఉన్న ముస్లిమేతర పేదలకు సదఖా ఎంతైనా ఇవ్వండి, జకాత్ మాత్రం ముస్లింలకే అని ఎక్కువమంది పండితుల మాట. మొత్తం ఒకేసారి ఇవ్వలేకపోతే ముందునుంచే నెలనెలా ఇస్తూ, తేదీ నాటికి లెక్క చూసి తక్కువైంది కలపవచ్చు.

గడిచిన ఏళ్లది కట్టలేదంటే అది మాఫీ కాలేదు, మీ మీద అప్పుగానే ఉంది. పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి ఒక్కో ఏడాదికి అంచనా వేయండి, మొదటి ఏడాది జకాత్ తీసేసిన మిగులు మీద రెండో ఏడాదిది, అలా. ఒకేసారి కుదరకపోతే విడతలుగా తీర్చండి, ఇంట్లోవాళ్లకు తెలిసేలా ఇంత బాకీ ఉందని వీలునామా, అంటే వసీయత్‌లో రాయండి. హనఫీ పద్ధతిలో వసీయత్ లేకపోతే మీ జకాత్ బాకీ తీర్చాలన్న బాధ్యత వారసుల మీద ఉండదు, వసీయత్ ఉన్నా ఆస్తిలో మూడో వంతు వరకే దానికి వాడతారు.